ఎవరి పూచీ మీద నడుస్తుంది ఈ డబ్బు? క్రిప్టో, ద్రవ్యం, ఆర్థికశాస్త్రంపై చదవదగిన పుస్తకాలు

న్యూఢిల్లీ: నెలకు 10 శాతం చొప్పున 18 నెలల పాటు రాబడి. 2015లో మొదలైన గెయిన్‌బిట్‌కాయిన్ పథకం మదుపరులకు ఇచ్చిన మాట ఇది. పెట్టిన నూరు రూపాయలకు నూట ఎనభై వస్తాయన్నమాట. దేశవ్యాప్తంగా వేలమంది ఆ మాట నమ్మారు. సుప్రీంకోర్టు ఆదేశంతో దర్యాప్తు చేపట్టిన సీబీఐ 2025 ఫిబ్రవరిలో ఢిల్లీ రాజధాని ప్రాంతంతో పాటు పుణె, చండీగఢ్, బెంగళూరు తదితర నగరాల్లో 60కి పైగా చోట్ల సోదాలు జరిపింది.

ఇలాంటి పథకాల్లో చేరినవారిలో చదువుకున్నవారు, ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు అందరూ ఉంటారు. వారికి సాంకేతిక పరిజ్ఞానం లేకపోవడం కన్నా, డబ్బు అంటే ఏమిటన్న ప్రాథమిక అవగాహన కొరవడడమే ఎక్కువ నష్టం చేసింది. అందువల్ల క్రిప్టో కరెన్సీ గురించి తెలుసుకోగోరేవారు ముందుగా ద్రవ్యం గురించి, ఆ తరువాత బ్యాంకుల గురించి, చివరగా బిట్‌కాయిన్ గురించి చదవడం మేలు. ఆ క్రమంలోనే కొన్ని పుస్తకాలు, పత్రాలు, తీర్పులను ఇక్కడ పరిచయం చేస్తున్నాం. ఏది చదివినా ఒక ప్రశ్నను వెంట ఉంచుకోవాలి: ఈ డబ్బుకు పూచీ ఎవరిది? ఇది పెట్టుబడి సలహా కాదని పాఠకులు, శ్రోతలు గమనించగలరు.

తొలిమెట్టు: పాఠశాల పుస్తకం

ఆర్థికశాస్త్రం ఎన్నడూ చదవనివారు జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, అంటే ఎన్‌సీఈఆర్‌టీ, పదో తరగతి పుస్తకంతో ఆరంభించవచ్చు. అందులో ‘ద్రవ్యం, రుణం’ గురించిన అధ్యాయం ఉంది. వస్తుమార్పిడిలోని ఇబ్బంది ఏమిటి, బ్యాంకు డిపాజిట్ కూడా డబ్బు ఎలా అవుతుంది, పేదవారికి రుణం ఎందుకు ఖరీదవుతుంది అన్న విషయాలను సామాన్య ఉదాహరణలతో చెబుతుంది. పన్నెండో తరగతి స్థూల ఆర్థికశాస్త్ర పుస్తకంలోని ‘ద్రవ్యం, బ్యాంకింగ్’ అధ్యాయం దీనికి కొనసాగింపు. ఈ రెండింటినీ మండలి వెబ్‌సైట్ నుంచి ఉచితంగా పొందవచ్చు. తెలుగులోనే చదవాలనుకునేవారికి తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్ అర్థశాస్త్రం పుస్తకాలు ఉన్నాయి.

తెలుగులో ఈ శాస్త్రానికి పాత చరిత్రే ఉంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలోనే కట్టమంచి రామలింగారెడ్డి అర్థశాస్త్రంపై తెలుగులో గ్రంథం రాశారు. ఇటీవలి కాలంలో రంగనాయకమ్మ ‘పిల్లల కోసం ఆర్థిక శాస్త్రం’ మార్క్స్ ‘కాపిటల్’ ఆధారంగా సరుకు, విలువ, డబ్బు అనే భావనలను ప్రశ్నలు, జవాబులతో వివరిస్తుంది. అది ఒక నిర్దిష్ట సిద్ధాంతదృష్టితో రాసిన పుస్తకం. ఆ దృష్టితో ఏకీభవించినా, విభేదించినా, సరుకు నుంచి డబ్బు ఎలా పుట్టిందన్న చర్చను ఇంత తేట తెలుగులో చెప్పిన పుస్తకాలు తక్కువ.

వీటితో పాటు జేబులోని నోటును కూడా ఒకసారి చదవాలి. పది రూపాయలు, అంతకు పైబడిన నోట్ల మీద రిజర్వ్ బ్యాంకు గవర్నర్ సంతకంతో ఒక వాగ్దానం ఉంటుంది. నోటుదారుకు అంత మొత్తం చెల్లిస్తామన్నది దాని సారాంశం. రూపాయి నోటును మాత్రం కేంద్ర ప్రభుత్వమే జారీ చేస్తుంది. దాని మీద ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకం ఉంటుంది, వాగ్దానం ఉండదు. నోటు వెనుక భాషల పట్టికలోని 15 భాషల్లో తెలుగు ఒకటి. ఎవరు పూచీ పడుతున్నారో ఆ కాగితమే చెబుతుంది.

తుగ్లకాబాద్ చెప్పే పాఠం

పూచీ ఉన్నంత మాత్రాన సరిపోదని, నకలును అరికట్టే ఏర్పాటు కూడా ఉండాలని చరిత్రలో చెప్పిన ఊరు ఢిల్లీయే. 1323లో ఓరుగల్లును జయించిన ఉలుగ్ ఖాన్ ఆ తరువాత ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీ సుల్తాన్ అయ్యాడు. సుమారు 1329 నుంచి 1332 వరకు అతడు ఇత్తడి, రాగి నాణేలను వెండి టంకాలకు సమానంగా చలామణి చేయించాడు. ఆలోచన అసంబద్ధమైనది కాదు. లోహం విలువతో నిమిత్తం లేకుండా రాజముద్ర విలువతో డబ్బు నడవవచ్చని చైనాలో అప్పటికే కాగితపు ద్రవ్యం రుజువు చేసింది. అయితే సుల్తాను నాణేన్ని ఏ కంసాలి అయినా ఇంట్లోనే పోతపోయగలిగాడు. దొంగ నాణేలు వెల్లువెత్తాయి, వర్తకులు తీసుకోవడం మానేశారు.

చివరకు సుల్తాన్ ఆ నాణేలను వెనక్కి తీసుకుని ఖజానా నుంచి బంగారం, వెండి చెల్లించాడు. మార్పిడికి వచ్చిన రాగి నాణేలు తుగ్లకాబాద్‌లో గుట్టలుగా పేరుకున్నాయని సమకాలీన చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ రాశాడు. అతని ‘తారీఖ్-ఎ-ఫిరోజ్‌షాహీ’లోని ముఖ్యభాగాలు ఇలియట్, డౌసన్ సంపుటాల్లో ఆంగ్లంలో లభిస్తాయి. బరనీకి సుల్తాన్ విధానాల పట్ల విముఖత ఉందన్న సంగతి గుర్తుంచుకుని చదవాలి.

క్రిప్టో చర్చకు ఈ కథ రెండు విధాల ఉపయోగపడుతుంది. తుగ్లక్ పరిష్కరించలేకపోయిన నకలు సమస్యను బిట్‌కాయిన్ గణితంతో పరిష్కరించింది. కానీ తుగ్లక్ ప్రయోగం విఫలమైనప్పుడు నష్టాన్ని భరించడానికి ఒక ఖజానా ఉంది. బిట్‌కాయిన్ ధర పడిపోతే అలాంటి ఖజానా ఏదీ లేదు.

ఇంకా వెనక్కి వెళ్లదలచినవారు కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండో అధికరణం చూడాలి. టంకశాలను పర్యవేక్షించే లక్షణాధ్యక్షుడు, నాణేలను పరీక్షించే రూపదర్శకుడు అనే ఇద్దరు వేర్వేరు అధికారుల ప్రస్తావన అందులో ఉంది. ముద్రించేవాడు, పరీక్షించేవాడు ఒకరే కాకూడదన్న జాగ్రత్త ఆ నాటికే ఉందన్నమాట. పుల్లెల శ్రీరామచంద్రుడు ఈ గ్రంథాన్ని తెలుగు వివరణతో అందించారు.

తెలంగాణ పెద్దలకు ఈ విషయం స్వానుభవం. నిజాం రాజ్యపు హాలీ సిక్కా, బ్రిటిష్ ఇండియా కల్దారు రూపాయి పక్కపక్కనే నడిచాయి. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం. హైదరాబాద్ సంస్థానం 1918 నుంచి సొంతంగా కాగితపు నోట్లను కూడా జారీ చేసింది. 1948లో సంస్థానం భారతదేశంలో విలీనమైనా ఆ సిక్కా మర్నాడే చెల్లకుండా పోలేదు. 1959 వరకు క్రమంగా ఉపసంహరించారు. జారీ చేసిన ప్రభుత్వం పోయినా, పూచీని మరొక ప్రభుత్వం స్వీకరించింది.

రూపాయి సమస్య: అంబేడ్కర్, కీన్స్

ఈ జాబితాలో ఒక్క పుస్తకమే చదవగలిగితే దేన్ని చదవాలన్న ప్రశ్నకు, డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ 1923లో లండన్‌లో ప్రచురించిన ‘ద ప్రాబ్లమ్ ఆఫ్ ద రూపీ’ అన్నదే సమాధానం. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు సమర్పించిన డాక్టరేట్ సిద్ధాంతగ్రంథం ఇది. ఆయన ఆచార్యుడు ఎడ్విన్ కానన్ దీనికి ముందుమాట రాశారు. దీనికి పదేళ్ల ముందు, 1913లో, జాన్ మేనార్డ్ కీన్స్ ‘ఇండియన్ కరెన్సీ అండ్ ఫైనాన్స్’ వెలువరించి, భారత్‌లో అమలవుతున్న స్వర్ణ వినిమయ ప్రమాణాన్ని సమర్థించారు. అంబేడ్కర్ ఆ వాదనను ఎదుర్కొన్నారు.

వివాదం సంక్లిష్టంగా కనిపించినా దాని మర్మం సరళమైనదే. రూపాయలను ఎన్నైనా ముద్రించే స్వేచ్ఛ ప్రభుత్వానికి ఉంటే ధరలు పెరుగుతాయి; కూలితో, జీతంతో బతికేవారే ముందు దెబ్బతింటారు. అందుకే రూపాయిని లోహంలోకి మార్చుకునే వీలు లేకపోయినా పరవాలేదు గానీ, దాని జారీకి నిర్దిష్టమైన పరిమితి ఉండాలని అంబేడ్కర్ వాదించారు. 1925-26 నాటి హిల్టన్ యంగ్ కమిషన్ ఎదుట కూడా ఆయన తన అభిప్రాయాలు వినిపించారు. కేంద్ర బ్యాంకు ఏర్పాటుకు సిఫారసు చేసిన కమిషన్ అదే. 1934 నాటి చట్టంతో 1935 ఏప్రిల్ 1న రిజర్వ్ బ్యాంకు పని ప్రారంభించింది.

బిట్‌కాయిన్ల సంఖ్య 2 కోట్ల 10 లక్షలు దాటదన్నది ఆ నాణెం సమర్థకుల ప్రధాన వాదన. జారీకి పరిమితి అనే ఆలోచన వరకు అది అంబేడ్కర్ ఆందోళనను తలపిస్తుంది. కానీ ఆయన కోరిన పరిమితి చట్టం విధించేది. దాన్ని ఉల్లంఘిస్తే నిలదీయడానికి చట్టసభ ఉంటుంది. బిట్‌కాయిన్ పరిమితిని నిలబెట్టేది కంప్యూటర్ నిబంధన. నిలదీయడానికి ఎదుట మనిషి లేడు. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే పుస్తకం నూరేళ్ల నాటిదిగా అనిపించదు. మహారాష్ట్ర ప్రభుత్వం ప్రచురించిన అంబేడ్కర్ రచనల ఆరో సంపుటిలో ఇది ఉంది. ఆ సంపుటాలు భారత విదేశీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా లభిస్తాయి.

ఇద్దరు తెలుగు గవర్నర్లు

బిట్‌కాయిన్ పుట్టిన కాలాన్ని రిజర్వ్ బ్యాంకు లోపలి నుంచి చూపే రెండు పుస్తకాలు తెలుగువారివే కావడం విశేషం. కడప జిల్లాకు చెందిన వై.వి. రెడ్డి 2003 నుంచి 2008 వరకు గవర్నర్‌గా ఉన్నారు. ఆయన ఆత్మకథ ‘అడ్వైస్ అండ్ డిసెంట్’ 2017లో వచ్చింది. ఏలూరులో జన్మించిన దువ్వూరి సుబ్బారావు 2008 సెప్టెంబరులో బాధ్యతలు చేపట్టిన పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ సంస్థ కూలిపోయింది. ఆ అయిదేళ్ల అనుభవాల సారం ఆయన 2016లో రాసిన ‘హూ మూవ్డ్ మై ఇంటరెస్ట్ రేట్?’

ప్రభుత్వానికీ కేంద్ర బ్యాంకుకూ మధ్య ఘర్షణ ఎలా ఉంటుందో రెండు పుస్తకాలూ దాపరికం లేకుండా చెబుతాయి. వడ్డీ రేటు పెంచితే ఎవరికి నష్టం, పెంచకపోతే ఎవరికి నష్టం అన్న తర్జనభర్జన వాటిలో కనిపిస్తుంది. డబ్బును మనుషుల చేతుల్లో ఉంచకూడదని వాదించే క్రిప్టో సాహిత్యం చదవబోయే ముందు, ఆ మనుషులు ఏ ఒత్తిళ్ల మధ్య నిర్ణయాలు తీసుకుంటారో తెలుసుకోవడం న్యాయం.

బిట్‌కాయిన్: మూలపత్రం, వాదం, ప్రతివాదం

2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే మారుపేరుతో ఇంటర్‌నెట్‌లో ఒక పత్రం వెలువడింది. నిడివి తొమ్మిది పేజీలు. 2009 జనవరి 3న తొలి బ్లాక్ తయారైంది. ఆ పత్రాన్ని నేరుగా చదవడానికి వెనుకాడనవసరం లేదు. చివరి గణిత భాగాన్ని వదిలినా సారం అందుతుంది. ఊరి షావుకారు చిట్టా, ఆవర్జా ఆయన పెట్టెలోనే ఉంటాయి. అందులోని అంకెలు నిజమని ఊరంతా ఆయన్ని నమ్మాలి. అదే చిట్టా ప్రతి ఇంట్లో ఒక్కో ప్రతి ఉండి, కొత్త పద్దు రాసిన ప్రతిసారీ అందరి ప్రతులూ సరిపోలితేనే అది చెల్లుతుందనుకోండి. బ్లాక్‌చైన్ మూలసూత్రం అదే. ఒకే నాణేన్ని ఇద్దరికి చెల్లించే మోసాన్ని మధ్యవర్తి లేకుండా అడ్డుకోవడం దాని ఘనత.

సాంకేతిక వివరాలు కోరేవారికి అరవింద్ నారాయణన్, మరి నలుగురు కలిసి రాసిన ‘బిట్‌కాయిన్ అండ్ క్రిప్టోకరెన్సీ టెక్నాలజీస్’ ప్రామాణికమైనది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం దీన్ని 2016లో ప్రచురించింది. ముద్రణకు ముందరి ప్రతి ఉచితంగా దొరుకుతుంది. కథలా చదవాలనుకునేవారికి పాత్రికేయుడు నథానియల్ పాపర్ ‘డిజిటల్ గోల్డ్’ 2015 నాటి వరకు చరిత్ర చెబుతుంది.

అనుకూల, ప్రతికూల వాదాలను జంటగా చదవాలి. ప్రభుత్వాల చేతి నుంచి ద్రవ్యాన్ని తప్పించాలన్న వాదానికి మూలం ఎఫ్.ఎ. హాయెక్ 1976 నాటి ‘డీనేషనలైజేషన్ ఆఫ్ మనీ’. దాన్ని బిట్‌కాయిన్‌కు అన్వయించిన గ్రంథం సైఫెదీన్ అమ్మూస్ 2018లో రాసిన ‘ద బిట్‌కాయిన్ స్టాండర్డ్’. ఇది పక్షం వహించి రాసినది. దాని పక్కనే డేవిడ్ జెరార్డ్ 2017 నాటి ‘అటాక్ ఆఫ్ ద 50 ఫుట్ బ్లాక్‌చైన్’ ఉంచుకోవాలి. అది అంతే బలంగా వ్యతిరేక పక్షం వహిస్తుంది. ఇద్దరి మధ్య తూకం కోరేవారికి కార్నెల్ ఆచార్యుడు ఈశ్వర్ ప్రసాద్ ‘ద ఫ్యూచర్ ఆఫ్ మనీ’ ఉంది. 2021లో వచ్చిన ఈ పుస్తకం క్రిప్టోలతో పాటు కేంద్ర బ్యాంకుల డిజిటల్ కరెన్సీలను కూడా విశ్లేషిస్తుంది.

జీక్ ఫాక్స్ 2023లో వెలువరించిన ‘నంబర్ గో అప్’ మరో కోణం చూపుతుంది. 2021 నవంబరులో 69 వేల డాలర్ల దరిదాపులకు వెళ్లిన బిట్‌కాయిన్ ఏడాది తిరిగేసరికి 16 వేల డాలర్ల స్థాయికి పడిపోయింది. అదే సమయంలో ఎఫ్‌టీఎక్స్ ఎక్స్ఛేంజి దివాలా తీసింది. ఆ పతనం వెనుక కథతో పాటు, కంబోడియాలో మనుషులను నిర్బంధించి ఆన్‌లైన్ మోసాలు చేయించే స్థావరాల గురించి కూడా ఆ రచయిత రాశారు. ఈ భాగం తెలుగువారికి దూరపు సంగతి కాదు. ఉద్యోగాల పేరుతో యువకులను కంబోడియాకు పంపి సైబర్ నేరాలు చేయించిన ముఠా వ్యవహారం 2024లో విశాఖపట్నంలో బయటపడింది.

ఢిల్లీలో వెలువడిన తీర్పు, నివేదికలు

భారత్‌లో క్రిప్టోల చట్టపరమైన స్థితి తెలుసుకోవడానికి అసలు పత్రాలే చదవడం ఉత్తమం. రిజర్వ్ బ్యాంకు తొలిసారి 2013 డిసెంబరు 24న హెచ్చరిక జారీ చేసింది. 2018 ఏప్రిల్ 6న బ్యాంకులు క్రిప్టో వ్యాపారులకు సేవలు అందించరాదని ఆదేశించింది. ఆ ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. ఇంటర్నెట్ అండ్ మొబైల్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన ఈ కేసులో జస్టిస్ వి. రామసుబ్రమణియన్ రాసిన తీర్పు 180 పేజీలది. ద్రవ్యం అంటే ఏమిటి, వివిధ దేశాలు క్రిప్టోలను ఏమని పిలుస్తున్నాయి అన్న చర్చ అందులో ఎంతో విపులంగా ఉంది.

ఈ తీర్పు క్రిప్టోలకు ఆమోదముద్ర వేసిందన్న ప్రచారం సరికాదు. వాటిని నియంత్రించే అధికారం రిజర్వ్ బ్యాంకుకు ఉందని న్యాయస్థానం అంగీకరించింది. అయితే తన పరిధిలోని సంస్థలకు హాని జరిగినట్లు చూపకుండా అంత తీవ్రమైన చర్య తీసుకోవడం తగిన మోతాదులో లేదని చెప్పింది. తీర్పును పూర్తిగా చదివినవారిని ఇలాంటి ప్రచారం తప్పుదారి పట్టించలేదు.

సుభాష్ చంద్ర గార్గ్ అధ్యక్షతన మంత్రిత్వ శాఖల కమిటీ 2019లో ఇచ్చిన నివేదిక ప్రైవేటు క్రిప్టోలను నిషేధించాలని సూచించింది. రిజర్వ్ బ్యాంకు డిప్యూటీ గవర్నర్ టి. రబి శంకర్ 2022 ఫిబ్రవరి 14న చేసిన ప్రసంగం కూడా అదే దిశలో వాదిస్తుంది; నిషేధ పక్షం తర్కం అందులో క్రమపద్ధతిలో ఉంది. అయితే ప్రభుత్వం నిషేధం బదులు పన్ను మార్గం ఎంచుకుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి లాభాలపై 30 శాతం పన్ను, జూలై 1 నుంచి లావాదేవీలపై ఒక శాతం మినహాయింపు అమలులోకి వచ్చాయి. ఒక క్రిప్టోలో వచ్చిన నష్టాన్ని మరొక దాని లాభం నుంచి తగ్గించుకునే వీలు లేదు. 2023 మార్చిలో ఈ వ్యాపారాన్ని అక్రమ ధన చలామణి నిరోధక చట్టం పరిధిలోకి తెచ్చారు. పన్ను కట్టినంత మాత్రాన క్రిప్టో చట్టబద్ధ ద్రవ్యం కాదు.

మూడింటి తేడా

యూపీఐ, డిజిటల్ రూపాయి, క్రిప్టో అనే మూడింటినీ ఒకటిగా భావించడం చాలామంది చేసే పొరపాటు. యూపీఐ ఒక చెల్లింపు మార్గం మాత్రమే; అందులో కదిలేది మన బ్యాంకు ఖాతాలోని రూపాయే. డిజిటల్ రూపాయి రిజర్వ్ బ్యాంకు స్వయంగా జారీ చేసేది. నోటుకున్న పూచీయే దానికీ ఉంది. సామాన్యుల కోసం దాన్ని 2022 డిసెంబరు 1న న్యూఢిల్లీ సహా నాలుగు నగరాల్లో ప్రయోగాత్మకంగా ప్రారంభించారు. ఆ తరువాత విస్తరించిన నగరాల్లో హైదరాబాద్ ఒకటి. దానికి ముందు, 2022 అక్టోబరు 7న, రిజర్వ్ బ్యాంకు విడుదల చేసిన భావనాపత్రం ఈ తేడాలను స్పష్టంగా వివరిస్తుంది. క్రిప్టో విషయంలో ధరకు గానీ, అసలుకు గానీ పూచీ పడేవారు ఎవరూ లేరు. దాన్ని దాచుకునే ఎక్స్ఛేంజికి కూడా ముప్పు తప్పదు: 2024 జూలై 18న భారతీయ ఎక్స్ఛేంజి వజీర్‌ఎక్స్‌పై జరిగిన సైబర్ దాడిలో సుమారు 23 కోట్ల డాలర్ల విలువైన క్రిప్టోలు పోయాయి.

పుస్తకమా, ప్రకటనా?

ఈ రంగంలో పుస్తకం రూపంలో వచ్చే ప్రకటనలు ఎక్కువ. కొనే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. రచయిత తాను అమ్మే నాణెం గురించే రాస్తున్నారా? పుస్తకం ఏ సంవత్సరంలో వచ్చింది, ధర ఎగసినప్పుడా, పడినప్పుడా? ఎంత రాబడి వస్తుందో చెబుతోందా? మూడో ప్రశ్నకు జవాబు అవును అయితే ఆ పుస్తకాన్ని అక్కడే ఉంచేయడం మంచిది.

మోసాల పద్ధతులపై రిజర్వ్ బ్యాంకు ప్రచురించిన ‘రాజు అండ్ ద ఫార్టీ థీవ్స్’ చిన్న బొమ్మల పుస్తకం ఇంటిల్లిపాదీ చదవదగినది. అనధికార డిపాజిట్ పథకాలపై ఫిర్యాదుకు రిజర్వ్ బ్యాంకు ‘సచేత్’ పోర్టల్ ఉంది. ఆన్‌లైన్ మోసంలో డబ్బు పోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే డబ్బును మధ్యలో నిలిపివేసే అవకాశం అంత ఎక్కువ.

తక్కువ సమయం ఉన్నవారు

రాజధానిలోని పాఠకులకు పాత ఢిల్లీ రైల్వే స్టేషన్ సమీపంలోని ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ, కేంద్ర సచివాలయ గ్రంథాలయం అందుబాటులో ఉన్నాయి. పరిశోధకులకు ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లోని రతన్ టాటా గ్రంథాలయం ఉపయోగపడుతుంది.

అన్నీ చదివే తీరిక లేనివారు నాలుగింటిని ఎంచుకోవచ్చు. మొదటి ఆదివారం ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి అధ్యాయం, రెండో ఆదివారం సతోషి తొమ్మిది పేజీలు, మూడో ఆదివారం రబి శంకర్ ప్రసంగం, ఆ తరువాత తీరికను బట్టి సుప్రీంకోర్టు తీర్పు. నాలుగూ ఇంటర్‌నెట్‌లో ఉచితంగా లభిస్తాయి. ఒక నెల ఆగి చదివినందువల్ల చేజారిపోయే మంచి పెట్టుబడి ఏదీ ఉండదు. ఈ రోజే చేరాలి, రేపైతే అవకాశం ఉండదు అని తొందరపెట్టే పథకం ఏదైనా ఉంటే, దాని గురించి తెలుసుకోవలసింది ఆ తొందరలోనే ఉంది.